అరచేతిలో పాదం

ఎమ్మిగనూరులో యేసురత్నం షెడ్డుకు క్లచ్ పనికి వచ్చినవాళ్లెవరైనా ముందు స్టూలు మీద కూర్చోవాల్సిందే. అతను ఎదురుగా నేల మీద కూర్చుని, అరచేయి చాపి, "ఎడమకాలితో తొయ్యప్పా" అనేవాడు. ఏ క్లచ్ వేయాలో బండిని చూసి కాదు, కాలిని చూసి తేల్చాలని అతని పట్టుదల. కాదన్నవాళ్లను ఆదోని షెడ్లకు పొమ్మనేవాడు.

ధనుంజయ కూడా అలాగే కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఆశపడి కొన్న పాత స్పోర్ట్స్ కారు బయట ఉంది.

"రేసు బండ్లకేసే గట్టి క్లచ్ కావాలన్నా. ఫ్లైవీల్ తేలికది పెట్టు. తొక్కితే ఇంజను ఎగరాల" అన్నాడు.

అరచేతికి పాదం ఆనింది. తోసే సత్తువ మాత్రం లేదు.

"ఎప్పట్నుంచప్పా ఇట్ల?"

"ఉగాది నుంచి. నరాల జబ్బంట. మందులు వాడతాండాను."

ఇంజను వెనక తిరిగే ఆ ఫ్లైవీల్ చక్రం తేలికైతే, కాలు తడబడిన చోటల్లా బండి ఆగిపోతుంది. బరువైనదైతే ఆ తడబాటును తానే మోసి బండిని కదిలిస్తుంది. యేసురత్నం ఆ మాటే చెప్పి, బరువైన పాతదాన్నే ఉంచి, దొరికినవాటిలో మెత్తని క్లచ్ బిగించాడు. ధనుంజయ బండెక్కి కోడుమూరు దాకా పోయి నవ్వుతూ తిరిగొచ్చాడు.

వానలు వెనకబట్టాక మళ్లీ వచ్చాడు, తమ్ముడి బైకు వెనక కూర్చుని. తానే స్టూలు లాక్కున్నాడు. రెండు చేతులతో ఎడమకాలు ఎత్తి ముందుకు పెట్టాడు.

"చూడన్నా."

యేసురత్నం అరచేయి చాపాడు. పాదం బరువే తగిలింది, తోసిన జాడ లేదు.

"ముందుకంటే మేలుందా అన్నా?"

"మేలుందప్పా" అన్నాడు యేసురత్నం, పాదాన్ని కిందికి దించకుండా.