ముస్తాక్ జోకులు, దిల్షాద్ దిద్దుబాట్లు

దిల్షాద్ బేగం విజయవాడలో ఒక మునిసిపల్ హైస్కూల్లో తెలుగు పండితురాలు. పుట్టింది పామర్రులో. చిన్నప్పుడు ఆమె పద్యం రాగం తీసి చదివితే మాస్టారు పక్క క్లాసు పిల్లల్ని కూడా పిలిచి వినిపించేవారట. ఆ ఇష్టంతోనే భాషాప్రవీణ చదివింది. భర్త ముస్తాక్‌కు గవర్నర్‌పేటలో గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. దెబ్బలాడుకోవడానికీ, నవ్వుకోవడానికీ మాత్రం తెలుగే.

ముస్తాక్‌కు వారపత్రికలకు జోకులు పంపడం సరదా. అన్నీ భార్య మీదే. సగానికి పైగా జోకుల్లో ఆమె చచ్చిపోయేది. 1994లో ఒకరోజు ఆమె బడి నుంచి వచ్చేసరికి బల్ల మీద పోస్టుకార్డు ఉంది. "మా ఆవిడ పోయాక ఇంట్లో మనశాంతి దొరికింది" అని రాసి ఉంది దాని మీద.

దిల్షాద్ సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది.

"ఏవండీ, ఇందులో తప్పుంది."

"జోకేనే! నిజంగా పొమ్మన్నానా?" ముస్తాక్ తడబడ్డాడు.

"నేను పోవడం గురించి కాదు. మనశ్శాంతి. శ కింద శ వత్తుండాలి."

"వత్తు లేకపోతే శాంతి తగ్గుద్దా?"

"తగ్గుద్ది" అని దిద్ది, కింద ఇంకో వాక్యం రాసిచ్చింది. "కానీ ఆ మాటకు వత్తుందో లేదో అడుగుదామంటే మనిషి లేదు."

ముస్తాక్ కొట్లో కూడా అది తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు. రెండు వాక్యాలూ కొత్త కార్డు మీదికి ఎక్కించి పంపితే మూడోవారం అచ్చయింది. అప్పట్నుంచి ఆమె దిద్దకుండా ఒక్క కార్డూ పోస్టు డబ్బాలో పడలేదు. పేరు మాత్రం ఆయనదే. దిల్షాద్ చెల్లెలు అఫ్సా కోప్పడేది.

"బతికున్న మనిషిని వారం వారం చంపుతుంటే, నువ్వు కూర్చుని వత్తులు సరిచేస్తావేంటి ఆపా?"

"చంపేటప్పుడన్నా తప్పుల్లేకుండా చంపాలిగా" అనేది దిల్షాద్.

2002 ఎండాకాలంలో, కొట్లో పనిచేస్తుండగా ముస్తాక్ చేతిలోంచి పట్టకారు జారిపోయింది. పక్క కొట్టాయన ఏమైందని అడిగితే నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. ఆస్పత్రికి చేర్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది, మూతి వంకర తిరిగింది. పక్షవాతం. ప్రాణభయం లేదనీ, మాట రావడానికి మాత్రం ఆరు నెలలు పట్టొచ్చనీ, రోజూ మాట్లాడిస్తూ ఉండమనీ డాక్టరు చెప్పారు.

దిల్షాద్ సెలవు పెట్టింది. మంచం పక్కన కూర్చుని "ఇది గ్లాసు, ఇది కిటికీ" అని ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పేది. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆయన ఎదుటే, ఆయన అక్కడ లేనట్టు మాట్లాడుకుని వెళ్ళేవాళ్ళు. ఆమెకు అన్నిటికంటే కష్టం అనిపించింది అదే.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం ఆమె తనే ఒక పోస్టుకార్డు రాసింది. రాశాక సిగ్గేసింది. చింపెయ్యబోయి, ఆగి, ఆయనకు చదివి వినిపించింది.

"మా ఆయనకు మాట రావడానికి ఆరు నెలలు పడుతుందట. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళకు మాట్లాడే వంతు నాకొచ్చింది."

ముస్తాక్ ఎడమ భుజం కదిలింది. మూతి ఇంకా పక్కకు లాక్కుపోయింది. ఫిట్సేమోనని ఆమె హడలిపోయింది. కాదు, నవ్వుతున్నాడు. మర్నాడు "కిటికీ" అనమంటే "కి" అన్నాడు.

ఇంకో నెలకు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. అప్పటికి ముస్తాక్ ఒక్కో మాటే కూడబలుక్కుంటున్నాడు.

"ఈవిడ ఎవరండీ?" అని అడిగారు డాక్టరు.

"మా... ఆవిడ."

"వెరీ గుడ్. మిమ్మల్ని ఎలా చూసుకుంటున్నారు?"

ముస్తాక్ పక్కనే నిలబడ్డ భార్య వంక చూశాడు. చాలాసేపు పెదవులు కదిలించాడు.

"మా ఆవిడ... పో... పోయాడు."

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపేశారు.

"ఆడవాళ్ళకు 'డు' రాదండీ" అంది దిల్షాద్ భర్తతో. "పోయింది అనాలి."

"పో...యింది" అన్నాడు ముస్తాక్ బుద్ధిగా.

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

ఆటోలో బందరు కాలవ వెంట వస్తుంటే ఆమె అడిగింది. "నిజం చెప్పండి. నోరు తప్పిందా, జోకేశారా?"

ఆయన కాలవ వంక చూస్తున్నాడు. ఎడమ భుజం కదులుతోంది. అప్పుడు దిల్షాద్‌కు ఏడుపొచ్చింది. ఆయనకు జబ్బు చేసిన్నాటి నుంచి ఏడవలేదు. ఆటో అతను వెనక్కి తిరిగి చూస్తున్నా ఆపుకోలేకపోయింది. ముస్తాక్ తన ఎడమ చెయ్యి తెచ్చి ఆమె చేతి మీద వేశాడు.

కుడిచెయ్యి స్వాధీనంలోకి రాకపోయినా, ఏడాదికి మళ్ళీ కొట్టు తెరిచాడు. మాటలు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి గానీ క్రియలు మాత్రం కుదురుకోలేదు. "మీ వాచీ వచ్చాడు, తీసుకెళ్ళండి" అనేవాడు. పాత ఖాతాదార్లు అలవాటుపడ్డారు. దిల్షాద్ మాత్రం ఇంటికొచ్చాక ప్రతిదీ దిద్దేది. అఫ్సాకు జాలేసింది.

"ఆ ఒక్క తప్పూ వదిలెయ్యరాదా ఆపా? బావకి అంతకంటే రాదులే."

"నేను వదిలేసిన రోజున, ఇక ఇంతేనని నేను అనేసుకున్నట్టు ఆయనకి తెలిసిపోద్దే" అంది దిల్షాద్.

2008లో ఆమె రిటైరయింది. రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కొట్టుకు వెళ్ళి, సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. ఆయన ఎడమచేత్తో చేయలేని సన్నపని మెల్లగా నేర్చుకుంది. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి, గసగసాలంత స్క్రూలు పైకి తీసేది. ఏదైనా జారి కింద పడితే ముస్తాక్ ఒక్క మాటా అనకుండా బల్ల కిందికి వంగి వెతికిపెట్టేవాడు.