దేవమణి టీచరు బుట్టలో నెత్తళ్లు

చీపురుపల్లిలో నలభై ఏళ్ల మనిషెవరైనా తడబడకుండా రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే, కళ్లు మూసుకుని చెప్పెయ్యొచ్చు, దేవమణి టీచరు బుట్టలో చెయ్యి పెట్టిన బాపతేనని.

మిషను బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పిందావిడ. వ్యాకరణం పుస్తకం బల్ల మీద ఉండేదంతే, తెరిచిన పాపాన పోలేదు. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు, మధ్యలో వస్తువు, ఈ మూడూ కంటికి కనబడకపోతే పిల్లల బుర్రకెక్కదని ఆవిడ వాదం. అంచేత పీరియడు మొదలవగానే అందరూ తలా ఒక వస్తువు వెదురుబుట్టలో వెయ్యాలి. సొంతదే వెయ్యాలి, పక్కవాళ్లది పనికిరాదు. ఆ తర్వాత 'గివ్ మి మై పెన్' అంటే పెన్ను చేతికొస్తుంది. స్నేహితుడి కోసం అడగాలంటే 'గివ్ హిమ్ హిజ్ బెల్ట్'. ఆడపిల్లకైతే 'గివ్ హర్ హర్ రిబ్బన్'. ముందు మనిషి, వెనకాల ఆ మనిషి వస్తువు. ఒకసారి రూబీ అనే పిల్ల తొందరపడి 'గివ్ హర్ మై రిబ్బన్' అంది. టీచరు ఆ కొత్త రిబ్బను తీసి నిజంగానే పక్కపిల్ల జడకి కట్టేసింది. రూబీ సాయంత్రం దాకా ముక్కు చీదుతూనే ఉంది గానీ, మళ్లీ జన్మలో ఆ తప్పు చెయ్యలేదు.

ఆ రోజులు తలుచుకుంటే దేవమణికి ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. రిటైరై నాలుగేళ్లయింది. బళ్లో గోడకి పెద్ద టీవీ బిగించారు, అదే మాట్లాడుతుంది, అదే కరెక్టని చెబుతుంది. ఈవిడ మాత్రం మిషను వీధిలో తన రెండు గదుల ఇంట్లో పొద్దున్నే కాఫీ తాగుతూ, ఏ బెంచీలో ఎవరు కూర్చునేవారో వరసగా చెప్పుకుంటూ ఉంటుంది. ఆడపిల్లల మూడో బెంచీ దగ్గరికొచ్చేసరికి ఎప్పుడూ ఒక పేరు దాటేస్తుంది.

ఆ పేరు గల మనిషే ఒక సంత రోజున వచ్చి గుమ్మంలో నిలబడింది. తలమీద ఎండుచేపల గంప, చేతిలో సంచి.

"నన్ను పోల్చారేటి టీచరమ్మా? దుర్గని. తవిటమ్మ కూతుర్ని."

పోల్చకపోవడమా! దేవమణి కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఏడో తరగతిలో ఉండగా ఈ దుర్గ ఒక రోజున బుట్టలో నెత్తళ్ల ఎండుచేపల పొట్లం వేసింది. వాళ్లది సముద్రపొడ్డు ఊరే గానీ, తవిటమ్మ ఎండుచేపల బేరం కోసం స్టేషను వెనకాల గది అద్దెకి తీసుకుని ఉండేది. పిల్లకి రెండో పెన్ను లేదు, రిబ్బను లేదు. సొంతదంటూ ఉన్నది అదొక్కటే. క్లాసంతా ముక్కులు మూసుకుని ఒకటే నవ్వు. దేవమణికి ఆ పూట తలనొప్పి. "దాన్ని అవతల పారేసి రావే" అని కసిరేసింది. దుర్గ పొట్లం పట్టుకెళ్లి వరండాలో పెట్టింది. దాన్ని కాకులు పీకేశాయి. మర్నాటి నుంచి దుర్గ బడికి రాలేదు. ఇరవై రెండేళ్లుగా దేవమణిని తొలుస్తున్నది ఒకటే, ఆ పిల్ల చదువు తన నోటి దురుసు వల్లే పోయిందా అని.

అడగాల్సింది అప్పుడే అడిగెయ్యొచ్చు. నోరు రాలేదు. "ఏటే ఇలా వచ్చావు?" అంది.

"మా ఊరవతల కొత్త ఓటలు కట్టినారు టీచరమ్మా. గదులు సర్దడానికి ఆడోల్లు గావాలంట. ఇంగిలీసు రావాలంటన్నారు. నెల్లాల్లకి పరీచ్చంట. మీరైతే బుట్టెట్టి సెప్పీవోరు కదా, అది నాకింకా గేపకమున్నాది."

అటక మీంచి బుట్ట దిగింది. నాలుగు సంతలు, నాలుగు పాఠాలు. ఈసారి బుట్టలోకి సబ్బు, తువ్వాలు, తాళంచెవి, దువ్వెన ఎక్కాయి. 'గివ్ హిమ్ హిజ్ కీ'. 'బ్రింగ్ దెమ్ దెయిర్ టీ'. 'షో హర్ హర్ రూమ్'. దుర్గ తప్పు చెప్పినప్పుడల్లా తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకుని మళ్లీ మొదలెట్టేది. ఆ గొంతు వింటుంటే దేవమణికి వయసు సగం తగ్గిపోయినట్టుండేది. పాఠం అయ్యాక దుర్గ గంప ఎత్తుకుని వెళ్తుంటే, ఈ వారం కూడా అడగలేకపోయానే అని తనని తనే తిట్టుకునేది.

ఐదో వారం దుర్గ గంప లేకుండా, కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం.

"నన్ను తీసుకున్నారు టీచరమ్మా. ఆ మేనేజరు 'నాను మీ ఓటలుకి వచ్చినోడిననుకో, ఏటి సేస్తావు' అన్నాడు. 'ఐ విల్ షో యు యువర్ రూమ్, ఐ విల్ బ్రింగ్ యు యువర్ టీ' అనీసినాను. ఎక్కడ నేర్సుకున్నావంటే మీ పేరు సెప్పినాను."

దేవమణి సంతోషం పట్టలేక ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్నాక ఇక ఆగలేకపోయింది.

"దుర్గా, ఆ రోజు నేను నీ పొట్లం అవతల పారెయ్యమన్నాను. అందుకే కదే బడి మానేశావు?"

దుర్గ విస్తుపోయి చూసింది. "అందుకా? ఇంటికెల్లి సెప్తే మాయమ్మ పడీ పడీ నవ్వింది. అది కాదు టీచరమ్మా. ఆ మర్నాడే అమ్మ రైలు దిగతా పడిపోయి కాలిరగ్గొట్టుకుంది. గంప నాను ఎత్తుకోవాల్సొచ్చింది."

దేవమణి గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇన్నేళ్ల భయమూ ఉత్తదేనా అనుకుని చెంగుతో కళ్లొత్తుకుంది. దుర్గ ఇంకా చెబుతోంది.

"మూడు దినాలు రాకపోతే మీరు ఎవులింటికైనా వచ్చీవోరు కదా. వచ్చి కూకుని, పిల్లని పంపిందాకా కదిలీవోరు కాదు. అమ్మ మంచం మీదుండే మీరొస్తారని సూసింది. టీచరమ్మకి ఏటి సెప్పాలో అంతా అనుకుని ఎట్టుకుంది. మీరు మాయింటికి రానేదు."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. దిగిన బండ రెండింతలై మళ్లీ ఎక్కి కూర్చుంది. నిజమే, పిల్ల మూడు రోజులు రాకపోతే గొడుగేసుకుని ఇంటికి వెళ్లడం దేవమణికి అలవాటు. వానొచ్చినా, జ్వరమొచ్చినా మానలేదు. స్టేషను వెనక్కి మాత్రం వెళ్లలేదు. తవిటమ్మ మొహం ఎలా చూడటం, నాలుగు మాటలంటే ఎలా పడటం అనుకుని వీధి మొదటి దాకా వెళ్లి తిరిగొచ్చేసింది. పిల్ల చదువు పోగొట్టింది కసిరిన మాట కాదు, ఆ వెనక్కి తిరిగిన అడుగు.

దేవమణి లేచి చెప్పులేసుకుంది. "పద" అంది.

రెండు బస్సులు, ఒక ఆటో. వాళ్ల సొంతూళ్లో సముద్రపొడ్డున రేకుల ఇల్లు, ముందు అరుగు. దాని మీద తవిటమ్మ కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవులే ఆవిడ?"

దుర్గకి నవ్వాగలేదు. "మా టీచరమ్మే. నాను బడికెందుకు రాట్లేదో అడగడానికొచ్చినారు."

తవిటమ్మ నవ్వలేదు. కర్ర పట్టుకుని కష్టంమీద లేచి, చెంగు సర్దుకుంది.

"కాలిరిగిపోనాది టీచరమ్మా, అందుకే అంపలేకపోనాను. నాలుగడుగులు ఏసినానంటే పంపించీస్తాను. దాని పేరు మాత్రం కొట్టీకండి."