గుండిగలో చూపించిన భూమి

భూమి లోపల ఏముందని ఎవరైనా అడిగినప్పుడు మీరేం చెప్పారు? సలసల కాగే లావా సముద్రం ఉందనీ, దాని మీద మనం తెప్పలా తేలుతున్నామనీ చెప్పారా? చెప్పే ఉంటారు. నేనూ చెప్పాను. మీరు తెలియక చెప్పి ఉంటారు. నేను తెలిసి చెప్పాను.

గరివిడి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు మాస్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదివాను. ఆ రోజుల నుంచే సభల్లో వాదించడం నా అలవాటు. చేతబడి లేదనీ, ముహూర్తాలు లేవనీ చెప్పడానికి ఎవరు పిలిచినా బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. నాకు వాదన నేర్పిన పెద్దలు జనం ముందు నసగవద్దని చెప్పేవారు. 'అయితే', 'కాకపోతే' అంటూ మొదలుపెడితే సభ చేజారిపోతుందనేవారు. ఆ విద్య నాకు బాగా పట్టుబడింది. ఎంత బాగా అంటే, ఇప్పటికీ దాన్ని వదిలించుకోలేకపోతున్నాను.

ఒక ఏడాది, వానలు ఇంకా పడని రోజుల్లో, ఉదయం పూట భూమి కొద్దిగా కంపించింది. అటకల మీద గిన్నెలు గలగలలాడాయి. ఒకటి రెండు మట్టి గోడలు బీటలిచ్చాయి. అంతే. మధ్యాహ్నానికల్లా భూదేవికి కోపం వచ్చిందనీ, శాంతి చేయించకపోతే ఊరిని మింగేస్తుందనీ పుకారు పుట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే తల్లిదండ్రులందరినీ బడికి పిలిచాను.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఒకావిడ ఉండేది. ఆమెను నేను 'అప్పా' అని పిలిచేవాణ్ణి. మా శ్రీకాకుళం వైపు అక్కను అలాగే అంటాం. ఊరి చివర బాప్టిస్టు చర్చి పక్క వీధిలో వాళ్ళ ఇల్లు. ఆమె భర్త లోహం కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర కూలి. ఆ రోజు ఆమె పొయ్యి మీద పప్పు గుండిగ ఎక్కించి ఉంది. జనాన్నంతా ఆ పొయ్యి చుట్టూ నిలబెట్టాను.

"చూడండి. అడుగున మంట. అడుగు నీరు వేడెక్కి తేలికవుతుంది, మధ్యలోంచి పైకి వస్తుంది. పైన చల్లారి బరువెక్కి, అంచుల వెంట కిందికి దిగుతుంది. పప్పు బద్దలు ఎలా లేచి దిగుతున్నాయో చూశారా? అంచున చేరిన తెట్టే మనం నడిచే నేల. కింద ఉడుకుతున్నదే భూగర్భం. అది కదిలితే తెట్టు కదులుతుంది. నిన్న జరిగింది అదే. దేవత లేదు, కోపం లేదు."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఒరే బావా, మనం ఇన్నాళ్ళూ తెట్టు మీద కాపరం సేస్తన్నాం రా!"

అందరూ ఘొల్లున నవ్వారు. అప్ప భర్త మాత్రం నవ్వకుండా అడిగాడు: "అయితే మాస్టారూ, కింద ఉన్నాది మా కొలిమిలోంచి కారే లోహంలాగుంటాదేటి?"

అతనిది తెలివైన ప్రశ్న. "కాదు, కింద ఉన్నది రాయి" అని చెప్పవలసిన క్షణం అదే. చెబితే ఇంకో పావుగంట వివరించాలి. జనం లేచి వెళ్ళిపోతారు. "అంతకంటే వేడి. మనందరి కాళ్ళ కిందా అదే" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఊళ్ళో శాంతి మాట ఎవరూ ఎత్తలేదు. అప్ప గరిటె పట్టుకుని గుండిగలోకే చూస్తూ నిలబడింది. పప్పు అడుగంటుతుందని కంగారు పడుతోందనుకున్నాను. గెలిచినవాడు ఎదుటివాళ్ళ ముఖాలు సరిగ్గా చూడడు.

అప్పుడు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. మనం నడిచే నేల కింద, కొన్ని పదుల కిలోమీటర్ల లోతు నుంచి దాదాపు మూడు వేల కిలోమీటర్ల దాకా ఉన్నది గట్టి రాయి. భూకంపం పుట్టించే అలల్లో ఒక రకం ద్రవంలో ప్రయాణించలేదు. ఆ రకం అల ఈ రాయిలోంచి నిక్షేపంగా దాటిపోతుంది. అది ద్రవం కాదనడానికి అదే రుజువు. అయితే ఆ రాయి విపరీతమైన వేడిలో ఉంది. ఆ వేడిలో కొంత భూమి పుట్టినప్పటిది, కొంత రాళ్ళలోని రేడియో ధార్మికత వల్ల ఇప్పటికీ పుడుతున్నది. వేడెక్కిన రాయి రవ్వంత వ్యాకోచించి తేలికవుతుంది, పైకి జరుగుతుంది. సముద్రాల అడుగున చల్లారి బరువెక్కిన పలకలు లోపలికి దిగుతాయి. రాయి రాయిగానే ఉంటూ సాగుతుంది, మన గోళ్ళు పెరిగేంత వేగంతో. అక్కడక్కడ పైకి వచ్చేసరికి కొంచెం కరుగుతుంది. అగ్నిపర్వతాల్లో చూసేది ఆ కొంచెమే. గుండిగలో పప్పు ఒక చుట్టు తిరగడానికి క్షణాలు చాలు. అక్కడ ఒక చుట్టుకు కోట్ల ఏళ్ళు కావాలి. ఇదంతా నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

మరుసటి ఎండాకాలంలో ఒక సాయంత్రం అప్ప బిందె చంకనెత్తుకుని చర్చి వెనక సమాధుల తోటలోకి వెళ్తుంటే చూశాను.

"ఏటప్పా, మొక్కేసినావేటి?" అన్నాను హాస్యానికి.

"మొక్క కాదు మాస్టారూ. పాపకి."

ఆమెకు ఒకప్పుడు ఒక ఆడపిల్ల పుట్టి, మూడో నెలలో జ్వరం వచ్చి పోయిందని అప్పుడే తెలిసింది. ఎర్రమట్టిలో మూరెడు దిబ్బ, దాని తల దగ్గర సున్నం వేసిన చిన్న సిలువ. బిందెలో నీళ్ళు దాని మీద నెమ్మదిగా, ఒక్క చుక్క పక్కకు పోకుండా పోసింది.

"కింద నిప్పున్నాదని మీరు సెప్పినారు కదా. నాకేటి తెలుసు అంతకుముందు? మట్టిలో సల్లగా ఉన్నాదనుకున్నాను. మా ఆయన సొక్కా సూసినారా, నిప్పురవ్వ పడితే సిల్లు పడిపోతాది. అది మూడు నెల్ల పిల్ల మాస్టారూ."

నా నోట వచ్చింది వాదనే. నాకు ఇంకో భాష రాదు.

"అప్పా, చర్చి నూతిలో నీళ్ళు తాగినావా? మండుటెండల్లో కూడా చల్లగా ఉంటాయి. సమాధి కంటే ఎంతో లోతున్న నుయ్యి. నిప్పు దగ్గర్లో ఉంటే ఆ నీళ్ళు చల్లగా ఉంటాయా?"

"ఉండవు. అందుకే కదా, ఆ నీళ్ళే తెచ్చి పోస్తన్నాను."

నా రుజువు ఆమె చేతిలో మందైపోయింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఇది మూఢనమ్మకం కాదు. మాస్టరు ఇచ్చిన ఆధారం తీసుకుని, తన పిల్ల విషయంలో ఎలా ఆలోచించాలో అలాగే ఆలోచించింది. ఆలోచన సరైనదే. ఆధారం తప్పు.

పాస్టరు గారి దగ్గరికి కూడా వెళ్ళాను. నా జన్మలో ఒక మత గురువును సాయం అడగడం అదే మొదటిసారి. ఆయన నన్ను ఎత్తిపొడవకుండా నాతో వాళ్ళింటికి వచ్చాడు.

"నరకం మట్టి కింద ఉన్నాదని నేనెప్పుడైనా సెప్పినానేటమ్మా? పిల్ల దేవుడి దగ్గరున్నాది" అన్నాడు.

"ఆత్మ దేవుడి కాడే ఉన్నాది అయ్యగారూ. ఒళ్ళు ఇక్కడున్నాది కదా. ఆత్మ సంగతి మీకు తెలుసు. మట్టి సంగతి మాస్టారికి తెలుసు."

ఆమె భర్త గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నా వైపు తిరిగి, "మీరే ఇరిసినారు మాస్టారూ, మీరే అతకండి" అన్నాడు.

రోడ్డు పని జరుగుతున్న చోటు నుంచి తారు గడ్డ ఒకటి తెచ్చాను. ఆమె ముందే రాయితో కొట్టాను. ముక్కలైంది. "చూశావా, గట్టిది. భూమి లోపలిది కూడా గట్టి రాయే. ఇలాగే గట్టిగా ఉంటూ మెల్లగా జరుగుతుంది. కారే లోహం కాదు" అని, ఒక ముక్కను పళ్ళెంలో పెట్టి గూట్లో ఉంచమన్నాను. పదిహేను రోజుల తర్వాత ఆ పళ్ళెం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. తారు అంచుల దాకా పరుచుకుని ఉంది.

"గట్టిదే. నిజమే సెప్పినారు. కానీ ఆగలేదు. అయితే నా పిల్ల కింద రాయి కూడా కుదురుగా లేదన్నమాట."

నేను నిజం చెప్పినప్పుడు ఆమెకు దొరికింది ఇది.

"అన్నీ కలిసే జరుగుతున్నాయప్పా" అన్నాను. "నీ ఇల్లు, బడి, ఆ సమాధి, మొత్తం ఒకే పలక మీద ఉత్తరం వైపు పోతున్నాయి. నీకూ పాపకూ మధ్య దూరం ఒక్క వేలు కూడా పెరగదు."

ఆమె ముఖం ఆ ఒక్కసారే తేలికపడింది. "అది బాగున్నాది మాస్టారూ. అదే ముందు సెప్పుంటే బాగుండు కదా" అంది. ఆ సాయంత్రం మళ్ళీ బిందె పట్టుకుని వెళ్ళింది.

రిటైరై అరసవల్లిలో ఉంటున్నాను. నా పాత శిష్యులు ఫోన్లలో వీడియోలు పంపుతుంటారు. వాటిలో భూమిని సగానికి కోసి, లోపల ఎర్రటి ద్రవాన్ని కుతకుత ఉడికిస్తారు. 'మీరు చెప్పిందే సార్' అని కింద రాస్తారు. తప్పని జవాబిస్తాను. బొటనవేలు గుర్తొకటి వస్తుంది. మరునాడు మళ్ళీ అలాంటి వీడియోనే.

ఈ వేసవిలో అప్ప ఫోన్ చేసింది. మోకాళ్ళు పూర్తిగా పోయాయట.

"నానెల్లలేకపోతన్నాను మాస్టారూ. ఎండ సూస్తే బయమేస్తంది. మా ఆయన పొయ్యడు, నవ్వుతాడు. మీరొక సెంబుడు పోసి రండి. సెప్పినోరు మీరే కదా."

ఆమదాలవలసలో రైలెక్కాను. పుట్టలో పాలు పోయొద్దని ఊరూరా అరిచిన నేను, చర్చి నూతిలో నీళ్ళు తోడుకుని, మూరెడు మట్టి దిబ్బ మీద పోశాను. పక్కకు ఒక్క చుక్క పోకుండా పోయడం నాకు చేతకాలేదు. ఎర్రమట్టి నీటిని పీల్చేసింది. నేను గేటు దాకా రాకముందే తడి ఆరిపోయింది. ఆమె ఇంటికి వెళ్ళి, పోశానని చెప్పాను. "సల్లగున్నాదా?" అని అడిగింది. ఇంతకాలం తర్వాత మళ్ళీ ఆ గుండిగ దగ్గరి క్షణమే నా ముందుకొచ్చింది. నసగకుండా, 'ఉన్నాదప్పా' అన్నాను. ఈసారి అది నిజమే. అయినా అది నిజమైనందుకు ఆమె నమ్మలేదు, నేను నీళ్ళు పోసినందుకు నమ్మింది.

ప్రతి వారం వెళ్తున్నాను. ఆమె ఉన్నంతకాలం వెళ్ళాలి. నా మాటను వెనక్కు తీసుకోవడం ఇక నా చేతిలో లేదు.

మీ చేతిలో ఇంకా ఉందేమో. చప్పట్ల కోసమో, తీరిక లేకో, నోరు మూయించడానికో మీరు ఎవరికో ఒక తప్పు చెప్పి ఉంటారు. ఎవరికి చెప్పారో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసి, లేచి, ఇవాళే వాళ్ళ ఇంటికి వెళ్ళండి. "నేను చెప్పింది తప్పు" అని ముందు ఆ మాట అనండి. తర్వాత కూర్చుని, వాళ్ళు దాన్ని నమ్మి ఇన్నాళ్ళూ ఏం చేశారో అడగండి.