శీర్షిక కింద ఏముందని అడిగే మనిషి

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. ఆ పొద్దున మామూలుగానే లేచింది. మా మైపాడు రేవుకు వెళ్లి చేపలు తెచ్చింది, వండింది, ఇద్దరం తిన్నాం. గిన్నెలు కడుగుతూ ఛాతీ బరువుగా ఉందని వంటింట్లోనే కింద కూర్చుంది. ఒళ్లంతా చెమట. పక్కింటి ఆటో పిలిచాను. ఆటోలో కూర్చున్నాక, నెల్లూరులో గుండెకు ఎమర్జెన్సీ ఎక్కడుందని ఫోన్లో వెతికాను. అన్నిటికంటే పైన ఒక ఆసుపత్రి పేజీ వచ్చింది. ‘ఇరవై నాలుగు గంటల గుండె అత్యవసర వైద్యం’ అని పెద్ద శీర్షిక. అక్కడికే పొమ్మన్నాను.

అక్కడ ఒక నర్సమ్మాయి, ఒక వాచ్‌మన్ ఉన్నారు. “గుండె డాక్టరు ఆదివారం రారు సార్” అంది ఆ అమ్మాయి. ఇంకో ఆసుపత్రికి తిప్పాం. చేరేలోపే ఆమె ప్రాణం పోయింది.

ఆమె వృత్తి వెబ్‌సైట్లు చెయ్యడం. రొయ్యల మేత కొట్లకు, కల్యాణ మండపాలకు, నిమ్మకాయల వ్యాపారులకు చేసిపెట్టేది. పేజీలో పెద్ద శీర్షిక ఏది, దాని కిందివి ఏవి అని కంప్యూటరుకు తెలిసేలా కొన్ని గుర్తులు పెట్టాలి. వాటిని హెడింగ్ ట్యాగులంటారు. ఆమె దగ్గరికి వచ్చినవాళ్లంతా వాటి గురించే అడిగేవాళ్లు. హెడింగులు మారిస్తే సెర్చ్‌లో పైకొస్తామా అని.

“కొంచెం పనికొస్తాయి. పేజీ దేన్ని గురించో సెర్చ్‌కు అర్థమవుతాది. అంతేగానీ వాటితోనే ఎవురూ పైకి పోరు” అనేది.

ఈ జవాబు ఎవరికీ నచ్చేది కాదు. మేత కొట్టాయన ఒకసారి మా ఇంటికే వచ్చాడు.

“అక్కా, హెడింగుల నిండా నెల్లూరు రొయ్యల మేత, నెల్లూరు రొయ్యల మేత అని కొట్టు. పైకి పోతాం.”

“నీ కొట్టు బోర్డు మీద నీ పేరు ఎన్నిసార్లు రాయించినావన్నా?”

“ఒక్కసారే.”

“మరి పేజీ మీద ఎందుకన్నా అన్నిసార్లు?”

“పెయింటరు అక్షరానికింత అని గుంజుతాడక్కా! నువ్వు గుంజవు గదా!”

ఆమె చాలాసేపు నవ్వింది. ఆయన చెప్పినట్టు మాత్రం రాయలేదు. ఆయనా ఆమెను వదల్లేదు. అందరి దగ్గరా ఆమెకు ఆ మాత్రం అదృష్టం ఉండేది కాదు. ఒక మండపం యజమాని ‘పూర్తి ఏసీ కల్యాణ మండపం’ అని శీర్షిక పెట్టమన్నాడు. ఏసీ ఉన్నది పెళ్లికూతురి గదికే. ఆమె రాయనంది. ఇంకెవరో రాసిపెట్టారు. ఆ మండపమే సెర్చ్‌లో మొదట వస్తోందని ఆయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. చూశావా, అబద్ధమే పైకొచ్చిందన్నాను.

“హెడింగు వల్ల కాదండీ. ఊళ్లో పాత మండపం అది. అందురూ దాన్నే వెతుకుతారు” అంది. ఆమెకు కోపం రాలేదు. నాకు వచ్చింది.

రోజూ పొద్దున నేను పేపరు పెద్దగా చదివేవాణ్ణి, శీర్షికలు మాత్రమే. వంటింట్లోంచి, “అది హెడింగు గదండీ. కింద ఏం రాసినారు?” అని అడిగేది. తెలియదనేవాణ్ణి. “అయితే మీకు ఏమీ తెలీదన్నమాట” అనేది. ఇంట్లో నన్ను ఆమె వెక్కిరించింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ రోజు ఆటోలో కూడా అడిగింది. అప్పటికే ఊపిరి అందడం లేదు.

“ఇరవై నాలుగు గంటలూ ఉంటారంట” అన్నాను.

“కింద?”

ఆమె కోసం పేజీని కిందికి జరిపాను. గుండె మనిషికి ముఖ్యమైన అవయవం అని ఉంది. తర్వాత మళ్లీ శీర్షికలు: గూడూరు గుండె వైద్యం, చిల్లకూరు గుండె వైద్యం, మైపాడు గుండె వైద్యం. మా ఊరి పేరు కూడా ఉంది. డాక్టరు పేరు లేదు, వేళలు లేవు. అప్పటికి ఆటో ఆసుపత్రి గేటు ముందు ఆగింది.

ఛాతీ పట్టుకున్న మనిషిని పక్కన పెట్టుకుని ఎవరూ పేజీ మొత్తం చదవరు. ఆ శీర్షిక రాసినవాడికి ఆ సంగతి తెలుసు.

కర్మకాండ అయ్యాక ఆసుపత్రికి ఫోన్ చేశాను. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. “మాకు డాక్టరు గారు వారానికి మూడు రోజులే సార్. ఆ లైను వెబ్‌సైటోళ్లు సెర్చ్ కోసం పెట్టినారు. తీసేస్తే కిందికి పోతామంట.”

“పోరు. దానితో పైకి రాలేదు మీరు” అన్నాను. అది ఆమె మాట. ఆమె ఉండగా నేనెప్పుడూ ఇంకొకరికి చెప్పలేదు.

“కనుక్కుంటాం సార్” అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

మేత కొట్టాయనకు చెబితే, “అందురూ అట్టనే రాస్తారన్నా. ఎంతమందితో కొట్లాడతావు? వొదిలెయ్” అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. ఆమె పోయాక ఆయన పేజీ చూసుకునేవాళ్లు లేరు. అయినా అందులో ఒక్క శీర్షిక కూడా మార్చలేదని చెప్పాడు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆమె చేసిన పేజీలు ఎక్కువ భాగం సెర్చ్‌లో మధ్యలోనో, కిందో ఉన్నాయి. వాటిలో రాసింది నమ్మి వెళ్లినవాళ్లకు రాసిందే దొరుకుతుంది. ఈ మాట ఆమె ఉండగా ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

ఇప్పుడే మళ్లీ చూశాను. ఆ ఆసుపత్రి పేజీ ఇంకా మొదటే వస్తోంది. ఆ శీర్షిక అలాగే ఉంది. రేపు ఆదివారం. పొద్దున్నే మొదటి బస్సెక్కి నెల్లూరు వెళ్తాను. ఆ ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుంటాను. ఎవరైనా ఛాతీ పట్టుకుని ఆటో దిగబోతే, దిగొద్దని చెప్పి, ఆదివారం కూడా డాక్టరు ఉంటాడని నేను కనుక్కున్న ఆసుపత్రికి పంపిస్తాను.