మాబున్నీసా చున్నీ బిగించిన సాయంత్రం

రాజ్యాలు కూలిన తేదీలూ కోటలు లేచిన తేదీలూ చరిత్రకారులు భద్రంగా రాసిపెట్టారు గానీ, రాయచోటి ఆడవాళ్ళు పనికి దిగేముందు కొంగు నడుముకు బిగించడం ఎప్పుడు మొదలుపెట్టారో ఒక్కరూ రాయలేదు. ఇది చరిత్రకు తీరని లోటు. దొరికినంతలో ఆధారాలు ఏమంటే, షేక్ మాబున్నీసా తల్లి బిగించేది, ఆ తల్లికి తల్లీ బిగించేది. మాబున్నీసా కతర్ వచ్చి చీర మాని చుడీదార్లలోకి మారాక కొంగు పదవీ విరమణ చేసింది. ఆ స్థానంలో చున్నీ బాధ్యతలు స్వీకరించింది. భుజం మీంచి ఏటవాలుగా తెచ్చి నడుం పక్కన ముడి వేసిందంటే, ఆ ఇంట్లో ఇక కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉండడానికి వీల్లేదని అర్థం.

ఆ ఇల్లు దోహా నగరంలో, అబూ హమూర్‌లో ఉంది. యజమాని ఆండ్రెస్ కొలంబియా నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన తల్లి మెర్సెదెస్‌ను కనిపెట్టుకుని ఉండడం మాబున్నీసా డ్యూటీ. పెద్దావిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భయం వదల్లేదు. రోజూ పొద్దున్నే మాబున్నీసా ఆమె ఎదుట నిలబడి చున్నీ బిగించేది.

“లెయ్ అవ్వా, యల్లా! ఆ కుర్చీ నీకేమన్నా రాసిచ్చినారా?”

ఇందులో అవ్వకు తెలిసిన మాట, అరబ్బీలో ‘పద పద’ అనే ‘యల్లా’ ఒక్కటే. ఆమాటకొస్తే అదీ అక్కర్లేదు. ముడి పడగానే చేతికర్ర అందుకుని లేచేది, స్పానిష్‌లో ఒక తిట్టు తిట్టేది, వంటగది దాకా నడిచి కాఫీ తాగి వచ్చేది. తిట్టుకు అర్థం మాబున్నీసా ఎన్నడూ అడగలేదు.

అవ్వ సొంతూరు కాలీ. సాల్సా నాట్యానికి లోకమంతా పేరు మోసిన ఊరు. అక్కడ చెల్లెలు రోసా పుట్టినరోజు పండుగలా చేస్తున్నారు. వయసులో ఉన్నప్పుడు ఆ అక్కాచెల్లెళ్ళు ఆడుతుంటే వీధి వీధంతా నిలబడి చూసేదట. ఒక్కసారి చెల్లెలితో ఆడి వస్తానంది అవ్వ. అంత దూరం మళ్ళీ తీసుకెళ్ళడం తన వల్ల కాదని, ఏమైనా ఈసారేనని ఆండ్రెస్ తేల్చేశాడు.

“నేను లేపుతా సార్,” అని మాట ఇచ్చేసింది మాబున్నీసా.

అవ్వకు తోడుగా కాలీలో దిగింది మొదలు మాబున్నీసా నోరెళ్ళబెట్టే ఉంది. బస్సులో పాట, రొట్టెల కొట్లో పాట, మంగలి షాపులో పాట. కొట్టువాడు చిల్లర చేతిలో పెడుతూ నడుం తిప్పుతాడు, మనం తల గోక్కున్నంత మామూలుగా. మనవళ్ళున్న ఆడవాళ్ళు ఎత్తు మడమల చెప్పులేసుకుని కబుర్ల మధ్యలో గిర్రున ఒక చుట్టు తిరిగి, వదిలేసిన మాటను మళ్ళీ అందుకుంటారు. పగలంతా ఉక్కపోసే ఆ ఊరికి సాయంత్రం కొండల మీంచి గాలి దిగుతుంది. ఆ గాలి కూడా తాళం తప్పదని మాబున్నీసా నిశ్చితాభిప్రాయం.

అవ్వ మాత్రం కుర్చీ దిగలేదు. తన ఆట చూసిన కళ్ళ ముందు కుంటుతూ లేవడమా? కొడుకు బతిమాలాడు. చెల్లెలు ఏడ్చింది. మాబున్నీసా ‘యల్లా’ అని గొంతు చించుకుంది. దోహాలో పనిచేసిన యల్లా కాలీలో పనిచేయలేదు. ఎందుకో ఆమెకు తట్టలేదు. రోసా ఇంట్లో ఆమె అతిథి. చీపురు ముట్టనివ్వరు, గిన్నె కడగనివ్వరు. పనే లేనప్పుడు చున్నీ బిగించేదెక్కడ? అది భుజాన పెద్దమనిషి కండువాలా ఊరికే వేలాడుతోంది.

పుట్టినరోజు సాయంత్రం పెరటి గచ్చు మీద ఊరంతా ఆడుతోంది. ఎవరి మోచెయ్యో తగిలి, లూలో అనే పుల్లటి పండ్ల రసం గ్లాసు నేల మీద ఒలికిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. మాబున్నీసాకు మాత్రం అక్కడ మరో తుంటి విరగబోతున్నట్టు కనిపించింది. అతిథి మర్యాద గాలికి పోయింది. బల్ల మీది గుడ్డ లాక్కుంది, చున్నీ బిగించి ముడి వేసింది.

వెనక కుర్చీ కిర్రుమంది.

అవ్వ లేచి నిలబడి ఉంది! రోజూ తిట్టే తిట్టే తిట్టింది. వంటగది ఎటుందా అని చూసింది. చేతికర్ర కోసం తడుముకుంటే రోసా చెయ్యి దొరికింది. తుంటి కాసేపు సందేహించింది, పాదాలు సందేహించలేదు. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పాట అయిపోయేదాకా ఆడారు. గచ్చు మీద జనం తప్పుకున్నారు, వీధి వీధంతా నిలబడి చూసింది.

మాబున్నీసా, ఎవరూ ఇటు కాలు పెట్టకుండా, ఆ తడికి అడ్డంగా గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది, కళ్ళు తుడుచుకుంటూ. ఆండ్రెస్ గ్లాసు ఎత్తి ఆమె పట్టుదల మీద ఉపన్యాసం ఇచ్చాడు. అప్పుడు తీసిన, ఆమె చేతిలో గుడ్డ జెండాలా కనబడే ఫోటో ఇప్పుడు అబూ హమూర్ ఇంటి హాల్లో వేలాడుతోంది.

దోహాకు తిరిగొచ్చాక, మరుసటి శుక్రవారం అల్ దోహా అల్ జదీదా పేటలో, ఊరి స్నేహితురాలు హసీనా గదిలో విచారణ జరిగింది.

“ఏం మందు పెట్టినావే ముసలామెకు?”

“మందూ లేదు, మాకూ లేదు. చున్నీ ముడేసినా, లేసింది.”

“ఓయమ్మో, దొరసానీ! ఫోటోలో ఆ గుడ్డ యెందుకే మరి?”

“నేల తుడుద్దామని.”

“తుడిసినావా?”

మాబున్నీసా టీ గ్లాసు కింద పెట్టింది. తుడవలేదు. తెల్లారేసరికి ఆ గచ్చుకు చీమలు పట్టాయి.