ఊట నీళ్ళ గ్లాసు

మా బాబాయి పోయారన్న కబురు నాకు వీధి కుళాయి దగ్గర అందింది. అల్వాల్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషి రొప్పుతూ, "టీచరమ్మా, మీ బాబాయి సారు పొద్దుగాల్ల పోయిండు. నిద్రల్నే" అన్నాడు. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఏడుపు తన్నుకొస్తున్నా ముందు కుళాయి కట్టేశాను. ఆయన చేతికింద పెరిగిన వాళ్ళెవరైనా అదే చేస్తారు.

నాన్న పోయాక నన్ను పెంచింది బాబాయీ పిన్నీ. కోస్తా నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ సికిందరాబాదు చేరిన కుటుంబం మాది. బాబాయి అల్వాల్ అవతల ఒక చెరువుకు ఓవర్సీరు. ఆ చెరువు కింద పొలాలు పండేవి. దాన్నుంచే ఒక గొట్టం బొల్లారం వైపు ఇళ్ళకు తాగునీళ్ళు మోసుకెళ్ళేది. పొలానికెంత, కుళాయికెంత, ఎండాకాలానికి దాచేదెంత అని ఏడాది పొడుగునా జనంతో తగువే.

బాబాయి పరమ పిరికివారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, ఏం చెయ్యను, ఇది నిజం. బల్లిని చూస్తే మంచమెక్కేవారు. ఉరిమితే చెప్పులు తొడుక్కుని కట్ట మీదికి పరుగెత్తేవారు. ఎండాకాలంలో నీళ్ళు అడుగంటుతాయని భయం, వానాకాలంలో కట్ట తెగుతుందని భయం. ఊళ్ళో ఆయన్ని 'భయం సారు' అనేవాళ్ళు. ఆయనకూ తెలుసు, నవ్వి ఊరుకునేవారు.

ఆయన జేబులో ఎప్పుడూ రుమాల్లో చుట్టిన ఒక చిన్న గాజు గ్లాసు ఉండేది. కట్ట అడుగున ఒకచోట సన్నగా ఊట ఊరేది. రోజూ పొద్దున్నే అక్కడ వంగి, గ్లాసు నింపి, ఎండకెత్తి చూసేవారు. నేను వెంట వెళ్ళినప్పుడు అడిగితే చెప్పారు: "మట్టి కట్టన్నాక కాస్త ఊరుతుందే అమ్మాయ్. తేటనీళ్ళొస్తే భయం లేదు. మట్టినీళ్ళొచ్చాయా, కట్ట లోపల్లోపల కరిగిపోతోందన్నమాట. అప్పుడు ప్రార్థన కూడా తర్వాతే, ముందు గంపలు, పారలు."

ఆ గంపలకూ పారలకూ ఖర్చెవరు పెట్టాలి? అక్కడే ఒక పద్ధతి ఉండేది. కోతలప్పుడు కళ్ళంలోనే, ఇంటికి గింజ చేరకముందే, ప్రతి రైతూ కట్టకు వాటా తీసి పక్కన పెట్టేవాడు. కుళాయి ఉన్న ఇళ్ళవాళ్ళు డబ్బు ఇచ్చేవాళ్ళు. ఏ ఏడాది మరమ్మతు ఆ ఏడాదే జరగాలి. తూము తెరిచి మూసే నీరటి నర్సయ్య దీన్ని తన మాటల్లో చెప్పేవాడు. "కట్ట మైసమ్మకు బోనం పెట్టకుంట మనం తింటమా? గిది సుత గంతే." బాబాయి చర్చికి వెళ్ళే మనిషి. అయినా మైసమ్మకు బోనాలెత్తిన రోజున టోపీ తీసి చేత్తో పట్టుకుని, జనానికి కాస్త ఎడంగా కట్ట మీద నిలబడేవారు. ఆ గుంపులో వాటా ఎగ్గొట్టిన వాడెవడైనా ఉన్నాడేమోనని ఆయన చూపు.

పోలీసు యాక్షన్ వచ్చిన భాద్రపదంలో చెరువు నిండుగా ఉంది. నేనప్పుడు పంతులమ్మ చదువు చదువుతున్నాను. రజాకార్లంటే ఒక భయం, వచ్చే సైన్యమంటే ఇంకో భయం. పొద్దుగూకితే లాంతరు వెలిగించొద్దన్నారు. బజారులో ఉప్పు దొరకలేదు గాని పుకార్లు మాత్రం కావలసినన్ని. వాటిలో ఒకటి మా గుమ్మం దాకా వచ్చింది. విమానాలొచ్చి చెరువుకట్ట మీద బాంబు వేస్తాయట.

కట్ట కింది బస్తీ జనమంతా మా వాకిట్లో నిలబడ్డారు. ముందు నర్సయ్య. వాడి ఇల్లు కట్టకు మరీ ఆనుకుని ఉంటుంది.

"సార్, చెర్వు ఖాళీ చేపియ్యున్రి. తూములన్ని తెరుస్త. బాంబు పడ్డదంటె పిల్లజెల్ల అంత కొట్టుకపోతం."

"ఇప్పుడు వదిలేస్తే మళ్ళీ నిండదు నర్సయ్యా. వానలు అయిపోవచ్చాయి. వేసిన పంట ఎండుతుంది. వేసవిలో ఏం తాగుతారు?"

"బతికుంటె గదా సార్ తాగెతందుకు!"

 బాబాయి మెడ మీద చెమట కారుతోంది. కట్ట మీద బాంబు పడదని ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు? నేలచూపులు చూస్తూనే అన్నారు. "ఈ గొడవ సద్దుమణిగేదాకా మీ ఇంట్లో మాకు కాస్త చోటిస్తావా?"

"ఏందీ, మా ఇంట్లనా? కట్ట కిందనా?" అని నోరు తెరిచాడు నర్సయ్య. సారే కట్ట కిందికి వస్తానంటుంటే, తూములు తెరవమన్న మాట ఇంకెవరూ ఎత్తలేదు.

లోపలికి రాగానే పిన్ని విరుచుకుపడింది. "మతి గాని పోయిందా మీకు? బల్లికి మంచమెక్కే మనిషికి బాంబంటే భయం లేదూ?"

"ఉందే. అందుకే ఒక్కణ్ణీ వెళ్ళలేను. మీరూ రండి" అన్నారు బాబాయి. 

వెళ్ళాం. నర్సయ్య భార్య ఎల్లవ్వ మాకోసం అర్ర ఖాళీ చేసి ఇచ్చింది. వాకిట్లో నిలబడి తల ఎత్తితే ఆకాశం సగమే కనిపించేది, మిగతా సగం కట్ట. దాని వెనక అన్ని నీళ్ళు. నా జన్మలో అంత భయం ఎప్పుడూ ఎరగను.  విమానం చప్పుడు వినపడితే చాలు, ఎల్లవ్వ పిల్లల్ని కోడిలా కిందికి లాక్కునేది, పిన్ని కీర్తన అందుకునేది, బాబాయి కట్టవైపు గోడకు అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. చప్పుడు దూరమయ్యాక గ్లాసు తీసుకుని ఊట దగ్గరికి వెళ్ళేవారు. సగం నీళ్ళు ఒలికిపోయేవి. ఒలికితే మళ్ళీ నింపేవారు. బస్తీ జనం గడపల్లో నిలబడి ఆయన మొహం కేసి చూసేవాళ్ళు.

తూములు ఎవరూ తెరవలేదు. బాంబు పడలేదు. కొద్ది రోజులకే నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పింది. ఆ తర్వాతి ఎండాకాలం మా వైపు కుళాయిలు ఎండలేదు.

ఊరంతా ఆయన్ని మెచ్చుకుంటుంటే బాబాయి ముడుచుకుపోయారు. ఒకరోజు నాతో అన్నారు. "కట్ట గాని తెగి ఉంటే మిమ్మల్నందర్నీ చంపినవాణ్ణి నేనే అయ్యేవాణ్ణి. ఎప్పుడైనా ఈ కథ చెబితే, మా బాబాయి ధైర్యవంతుడని మాత్రం చెప్పకు."

చెప్పడం లేదు బాబాయ్.

అసలు తంటా తర్వాత మొదలైంది. "ఇగ మన రాజ్యమొచ్చె గద సార్, కట్టకు వాటా ఇంకెందుకు? అంత సర్కారే జూస్కుంటది" అనడం షురూ చేశారు రైతులు. కుళాయిల వాళ్ళు వాళ్ళకు తీసిపోలేదు. బాబాయి గడప గడపకూ తిరిగి ఒకటే మాట చెప్పేవారు. "రాజు మారిన సంగతి మనకు తెలుసు. కట్టకు తెలియదుగా!" కొందరు సిగ్గుపడి ఇచ్చేవాళ్ళు. కొందరు ఆయన్ని వీధి చివర చూసి తలుపేసుకునేవాళ్ళు. ఆయన ఉద్యోగం దిగిపోయాక అడిగే నాథుడే లేకపోయాడు. సర్కారు పనులు చాలా ఉన్నాయి, మా కట్ట వంతు రాలేదు. ఇప్పుడు ఈ హైదరాబాదు రాష్ట్రమే ఉండదంటున్నారు. మళ్ళీ ఎవరి రాజ్యమో, ఎవరి పూచీయో.

కిందటి నెల చూడటానికి వెళితే, బాబాయి మంచంలో లేచి కూర్చోలేని స్థితిలో కూడా, "ఊట చూశావా?" అని అడిగారు. నా మాట అందక ముందే నిద్రలోకి జారుకున్నారు.

సమాధి తోటలో మట్టి వేసి వస్తుంటే, ఎవరూ అనుకోకుండానే అందరి కాళ్ళూ కట్టవైపు తిరిగాయి. రైతులు, బస్తీ వాళ్ళు, ఒకప్పుడు తలుపేసుకున్న వాళ్ళు కూడా. చెరువు మళ్ళీ నిండుగా ఉంది. పిన్ని రుమాలు విప్పి గ్లాసు నా చేతికిచ్చింది. ఊట దగ్గర వంగి నింపాను. నీళ్ళు మసగ్గా ఉన్నాయి.

"నీ చెయ్యి తలిగి అడుగు కదిలినట్టుంది. జెర ఆగి మల్ల ముంచు" అంది ఎల్లవ్వ. 

పారబోసి, నీళ్ళు కుదుటపడే దాకా ఆగి, మళ్ళీ నింపాను. ఈసారీ మసకే. తీసుకెళ్ళి ఎల్లవ్వ ఇంటి పిట్టగోడ మీద, ఎండ పడే చోట పెట్టాను. అందరం చుట్టూ నిలబడ్డాం.  నర్సయ్య వంగి చూసి, ముసలి నడుం నిటారు చేసుకుని, ఇంట్లోకి వెళ్ళి గంపా పారా తెచ్చాడు. అది చూసి ఒక్కొక్కరే పారల కోసం ఇళ్ళకు కదిలారు. కొందరు పరుగెత్తారు.

నేను గ్లాసు మీంచి చూపు తిప్పలేకపోయాను. నీళ్ళు మెల్లగా తేటపడుతున్నాయి. అడుగున సన్నగా ఎర్రమట్టి దిగుతోంది. అది మా కట్ట మట్టి.